పెళ్లి రంగు పూసిన మిరప తోట

నేను రిటైరై మూడేళ్లు దాటింది. అయినా ఏ పెళ్లికి భోజనానికి వెళ్లినా, మెడలో కెమెరా వేసుకున్న కుర్రవాళ్లు ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. "బాబాయ్, రా ఫైళ్లు మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అంటారు. ఒక్క ముక్కలో పేరు చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పను. "ఆ ఫోటో ఎవరికి ఏ పనికి కావాలో ముందు అది చెప్పు" అంటాను. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకొని వాళ్లు పెరుగన్నంలోకి దిగుతారు. ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇవాళ రాసిపెడుతున్నాను.

ఈ పనితో పరిచయం లేనివాళ్ల కోసం ఒక మాట. కెమెరా బొమ్మను రెండు రకాలుగా దాస్తుంది. ఒకటి, తానే వండి వడ్డించే మామూలు ఫోటో. దాన్ని ఫోన్లో పంపుకోవచ్చు, ప్రింటు వేయించుకోవచ్చు. రెండోది రా ఫైలు, అంటే పచ్చి సరుకు. కెమెరాకు అందిన వెలుతురంతా అందులో ఉంటుంది గానీ నలుగురికీ పంచాలంటే ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి వండాల్సిందే. వండే చేతిని బట్టి రుచి మారుతుంది. పెళ్లిళ్లు తీసేవాళ్లం ఎక్కువగా రా లోనే తీస్తాం. లైటు తప్పినా తర్వాత సర్దుకోవచ్చు గనక.

నేను పనిచేసింది నరసరావుపేటలో ఒక స్టూడియోలో. దాని ఓనరూ నేనూ కుర్రతనంలో ఒకే డార్క్‌రూంలో, ఒకే గురువు చేత తిట్లు తిన్నవాళ్లం. తర్వాత అతను స్టూడియో పెట్టాడు, నేను అందులో చేరాను. జీతం ఇచ్చేవాడూ తీసుకునేవాడూ అయ్యాక కూడా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. మూడో మనిషి మా డిజైనర్ అమ్మాయి. రొంపిచెర్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆల్బం పేజీలు పేర్చడం, ఫ్లెక్సీలు చేయడం, రంగులు సరిదిద్దడం ఆమె పని. మాట తక్కువ. ఒక మాట అన్నదంటే మాత్రం వారం రోజులు మన చెవిలోనే ఉండేది.

మా స్టూడియోకు ఊళ్లో ఒక పేరుంది. అక్కడ తీయించుకుంటే ఫోటో కళగా వస్తుందని. ఆ కళ వెనకాల ఉన్నది ఒక ప్రీసెట్. ఒకసారి కుదిరిన రంగుల కొలతలను దాచి ఉంచుకొని, ఒక్క నొక్కుతో ఎన్ని ఫోటోలకైనా పూసేయడాన్ని ప్రీసెట్ అంటారు. దానికి మేం పెట్టుకున్న పేరు పెళ్లి రంగు. రెండు పెళ్లి సీజన్లు కూర్చొని నేనే తయారు చేశాను. అది తగిలితే ఎవరి మొహమైనా రెండు ఛాయలు తెల్లబడుతుంది. ఏ ఎరుపైనా పట్టుచీరలా మెరుస్తుంది. ఇక లానులో గడ్డి సంగతి. మా పల్నాడు ఎండల్లో ఫంక్షన్ హాలు లాను ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ఒక పెళ్లికూతురి తండ్రి ఆల్బం తిరగేసి, "ఏందయ్యా, మా పిల్లని గడ్డివాము ముందు నిలబెట్టి తీశావా?" అని నలుగురిలో అడిగాడు. ఆ కసితో, ఎండిన గడ్డిలో ఉండే వెలిసిపోయిన పసుపునంతా ఆకుపచ్చ వైపు తిప్పేశాను. అప్పటి నుంచి మా ఫోటోల్లో ఏ లానైనా వానాకాలం చేనులా ఉండేది. మెమరీ కార్డు కంప్యూటర్‌కు తగిలించగానే పెళ్లి రంగు దానంతట అదే అన్నిటికీ పూసుకునేట్టు పెట్టించింది కూడా నేనే.

డిజైనర్ అమ్మాయి అప్పుడే అంది. "అన్నిటికీ ఒకటే రంగు ఎందుకు బాబాయ్? పెళ్లివి గాని ఫోటోలు కూడా వస్తయ్ గదా."

"వస్తే రానీ. అందంగా ఉంటే వద్దనేవాళ్లు ఎవరమ్మా?" అన్నాను. అంత పొగరు నాకు.

ఒక శనివారం నకరికల్లు వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చింది. యాభైకి దగ్గరి మనిషి, ఎండకు కాగిన నలుపు, చేతిలో ప్లాస్టిక్ సంచి. భర్త పోయాక పొలం కౌలుకు తీసుకొని ఒంటి చేత్తో మిరప వేస్తోంది. ఆ ఏడు విత్తనం మోసం చేసింది. ఒకే ప్యాకెట్ విత్తనంతో పెంచిన మొక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదాని కాయ సన్నం, పక్కదాని కాయ బుడ్డ. ఆకులు పాలిపోయాయి, పండిన కాయ కూడా ఎరుపెక్కడం లేదు. ఇట్లా రకరకాలు కలిసిపోయిన విత్తనాన్ని బెరుకు విత్తనం అంటారు. ఆమె కంపెనీ మీద ఫిర్యాదు పెట్టింది. దాన్ని తేల్చడానికి వ్యవసాయ అధికారి, ఒక శాస్త్రవేత్త, కంపెనీ ప్రతినిధి కూర్చునే కమిటీ ఉంది. కమిటీ పొలానికి వచ్చేసరికి ఆలస్యమయ్యేట్టుంది. కాలువలో నీళ్లు ఆగకముందే తోట పీకేసి జొన్న వేసుకోకపోతే ఆమెకు ఆ పంట కూడా దక్కదు. అందుకని ఆఫీసులో ఒకాయన, మంచి కెమెరాతో ఫోటోలు తీయించుకొని ఆ తర్వాత దున్నుకోమని సలహా ఇచ్చాడు.

"ఫోన్లో తీస్తే పెద్దది జేసినప్పుడు చెదిరిపోద్దంట అన్నా. తోట పీకినాక నాకు సాక్ష్యం అంటే నువ్వు తీసే ఫోటోనే. రేపు ప్రార్థన అయిపోయినాక వస్తావా?" అంది.

వెళ్లాను. ఎండలో మూడు గంటలు, నేల మీద పడుకొని కూడా తీశాను. ఆమె విత్తనాల ఖాళీ ప్యాకెట్ ఒకటి భద్రంగా దాచుకుంది. చుట్టూ తెల్ల అంచు, మధ్యలో ఎర్రటి కాయల బొమ్మ, కింద లాట్ నంబరు. ఆ నంబరు ఫోటోలో చదవడానికి రావాలని, ప్రతి మొక్క పక్కనా ప్యాకెట్ పట్టుకొని నిలబడమన్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తెలివైన పని అదే అయింది. కానీ ఆ పూట నాకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు కార్డు తగిలించి, ప్రింట్లు వేయించి, కవర్లో పెట్టి ఇచ్చేశాను. ఆమె పైనున్న ఫోటోను వెలుతురుకు పట్టి చూసింది.

"ఏందన్నా, ఈమె ఎవరు? నా మొహం ఇంత తెల్లగా యాడుంది?"

"మా కెమెరా అట్టాంటిదమ్మా, ఎవరినైనా మహాలక్ష్మిని చేస్తది" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. పట్నంలో ఫోటోలు ఇట్లాగే ఉంటాయి కాబోలనుకొని సంచిలో పెట్టుకొని వెళ్లింది. ఆ వారమే తోట పీకించి పొలం దున్నించింది.

ఇరవై రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. కవరు తీసి కౌంటర్ మీద బోర్లించింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా తోటకు పెళ్లి జేశావా అన్నా?"

ఏం జరిగిందో ఆమే చెప్పింది. కమిటీ ముందు కంపెనీ ప్రతినిధి మా ప్రింట్లు ఒక్కొక్కటే పైకెత్తి చూపించాడట. ఆకు నవనవలాడుతోంది, కాయ ఎర్రగా మెరుస్తోంది, ఇంత బంగారం లాంటి తోటను పీకేసుకొని కంపెనీ మీద పడిందన్నాడట. కాయల్లో పొడుగూ పొట్టీ తేడా ఉంది కదా అని ఆమె అంటే, అది నీళ్లు పెట్టడంలో తేడా అన్నాడట. గదిలో కొందరు నవ్వారట. శాస్త్రవేత్త మేడం మాత్రం, ఇంకేమైనా ఆధారం ఉంటే వచ్చే సోమవారం తెమ్మని గడువు ఇచ్చింది.

"పంట పోయిందంటే పోయింది. ఇరవై ఏళ్ల నుంచి మిరప వేస్తున్నా, ఒక్కళ్లు నన్ను అబద్ధాలకోరు అన్లేదు. ఇప్పుడు మా ఊళ్లో అంటన్నారు. తోట లేదు. ఇంక నేను ఏం చూపిచ్చుకోవాలి?"

నేను కౌంటర్ మీది ఫోటో ఒకటి చేతిలోకి తీసుకొని చూశాను. పాలిపోయిన ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం నాకు బాగా తెలుసు. ఫంక్షన్ హాలు లాను కోసం నేను పెట్టిన పచ్చ అది. వెలిసిన కాయలకు పట్టుచీర ఎరుపు. ఆమె మొహానికి పెళ్లికూతురి తెలుపు. సిగ్గుతో నా తల కౌంటర్ కిందికి పోయింది. ఆ రోజు ఆమె, ఇది నేను కాదని నా ఎదుటే అంది. అప్పుడైనా నాకు బుర్ర వెలగలేదు.

మొదటి భయం రా ఫైళ్లు ఉన్నాయా లేవా అని. కంప్యూటర్ డబ్బాలో చోటు కోసం, డెలివరీ ఇచ్చిన పని తాలూకు ఫైళ్లు చెరిపేయడం మా ఓనరు అలవాటు. నేను డిజైనర్ అమ్మాయి వైపు చూశాను.

"ఉన్నయ్ బాబాయ్. నేను చెరపలే" అంది. "ఎందుకో మనసొప్పలా."

ఆ పిల్ల కాళ్లకు దండం పెట్టినా తప్పులేదనిపించింది. పచ్చి సరుకు చెక్కుచెదరకుండా ఉంది. ఇక దాన్ని ఎందులో వండాలన్నదే మిగిలింది. సోమవారానికి నాలుగు రోజులు.

ఓనరు మేం రోజూ వాడే పెద్ద సాఫ్ట్‌వేర్‌నే పట్టుకున్నాడు. "ఒరేయ్, ప్రీసెట్ తీసేసి మళ్లా వెయ్. పేరున్న సాఫ్ట్‌వేర్, కమిటీ కాదనలేదు" అన్నాడు. నేను కెమెరా కంపెనీ వాడే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కావాలన్నాను. కెమెరా తయారు చేసినవాడికన్నా దాని రంగు ఇంకెవరికి తెలుస్తుందని నా వాదన. క్షణంలో మార్చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి కూడా చూశాం. అది రా ఫైలును వండనే వండదు, అందులో గుర్తు కోసం ఉండే చిన్న బొమ్మను బయటికి లాగుతుందంతే. పెద్దది చేస్తే లాట్ నంబరు అలుక్కుపోయింది. దాన్ని వెంటనే పక్కన పెట్టాం.

డిజైనర్ అమ్మాయి నాలుగో దాని పేరు చెప్పింది. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, ఊరికే వాడుకోమని వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. తెరిచి చూపించింది. బొమ్మ చప్పగా, కళాకాంతీ లేకుండా ఉంది.

"ఊరికే వచ్చేదాంట్లో పస ఏముంటదమ్మా? చూడు, ఉప్పూ కారం లేని చారు లాగుంది" అన్నాను.

"మనకు కావాల్సింది ఉప్పూ కారం లేనిదే గదా బాబాయ్" అంది. ఆమె మాట నిజమే. అయినా ముప్పై ఏళ్ల పైబడిన అనుభవం అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? వాదన పెట్టుకున్నాను. ఓనరు తన సాఫ్ట్‌వేర్ అంటాడు, నేను నాది అంటాను. కంప్యూటర్ తెర మీద మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. ఏది నిజమో చెప్పడానికి తోట ఎక్కడుంది?

అప్పుడు ఆ అమ్మాయే అడిగింది. "తోట లేదు సరే. ప్యాకెట్ ఉంది గదా?"

రైతుకు ఫోన్ చేస్తే ఆ ప్యాకెట్ తీసుకొని మొదటి బస్సుకే వచ్చింది. ఒకే ఫోటోను మూడు సాఫ్ట్‌వేర్లలో మార్చి, ఒకే కాగితం మీద మూడు ప్రింట్లు వేశాం. ఏది దేనిదో వెనకాల అంకె వేసి, పగటి వెలుతురులో చూద్దామని రోడ్డు మీదికి తెచ్చాం. అక్కడ ఆగి ఉన్న ఆటో సీటు మీద మూడూ పరిచి, పక్కన అసలు ప్యాకెట్ పెట్టాం. ఆటో డ్రైవర్ దిగి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏందన్నా, ముగ్గురూ కలిసి సంబంధం చూస్తన్నారా?"

"నువ్వే చూడు తమ్ముడూ" అన్నాను. "ఈ ప్యాకెట్‌కూ ఫోటోలో ఉన్న ప్యాకెట్‌కూ రంగు ఎందులో కలిసింది?"

అతను ప్యాకెట్‌ను మూడింటి పక్కనా ఆనించి చూశాడు. "ఈటిల్లో రెండు ఎక్కువ ఎర్రగున్నయ్. ఇదీ అసలుది" అని ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తిప్పి చూస్తే ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌ది. నమ్మలేక దారిన పోయే ఇంకో ఇద్దరికి చూపించాను. వాళ్లూ అదే తీశారు. మా ఓనరు నా వైపు చూసి, "ఇద్దరం ఓడిపోయాం పద, టీ తాగుదాం" అన్నాడు. నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

రైతు ఆ ప్రింటును రెండు చేతుల్తో పట్టుకుంది. పాలిపోయిన ఆకు, వెలవెలబోయిన కాయ, పొట్టీ పొడుగూ మొక్కలు. "ఇదన్నా నా తోట" అంది. కళ్లు తుడుచుకుంది.

సోమవారం వ్యవసాయ ఆఫీసుకు నలుగురం వెళ్లాం. కొత్త ప్రింట్లు బల్ల మీద పెట్టగానే కంపెనీ ప్రతినిధి నవ్వాడు. "మేడం, అప్పుడు పచ్చగా ఉన్న తోట ఇప్పుడు ఎండిపోయిందా? కంప్యూటర్లో ఏ రంగు కావాలంటే ఆ రంగు వస్తది. వీళ్లకు ఇదేగా పని" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే లేచి నిలబడ్డాను.

"ఆయన చెప్పింది నిజమే మేడం. మొదటి ఫోటోల రంగు అబద్ధం. ఆ అబద్ధం ఈమెది కాదు, నాది" అన్నాను. పెళ్లి రంగు గురించీ, గడ్డివాము అన్న పెళ్లికూతురి తండ్రి గురించీ, లాను గురించీ ఏదీ దాచకుండా చెప్పాను. వ్యవసాయ అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొన్న మా పిల్ల పెళ్లికి తీసింది మీరేనా? లాను ఎట్టా పచ్చగొచ్చిందా అని ఇప్పటిదాకా ఆలోచిస్తన్నా" అన్నాడు.

మేడం నవ్వలేదు. "మరి ఈ రెండోది నిజమని ఎట్లా నమ్మాలి?" అంది.

డిజైనర్ అమ్మాయి లేచింది. గట్టిగా నలుగురిలో మాట్లాడి ఎరగని పిల్ల. కంపెనీ ప్రతినిధి వైపు తిరిగింది.

"సార్, కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్లు మొత్తం ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నయ్. మేం వాడిన సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఊరికే వస్తది. మీ ల్యాప్‌టాప్‌లో మీరే వేసుకోండి. మీకు నచ్చిన ఫోటో తెరవండి. మేం చెయ్యి పెట్టం."

అతను మేడం వైపు చూశాడు. మేడం "కానివ్వండి" అంది. అతని ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ దిగేలోపు అందరికీ టీ వచ్చింది. అతను వెతికి వెతికి, ఉన్నవాటిలో కాస్త మంచి మొక్క ఉన్న ఫోటోనే ఎంచుకున్నాడు. ఈ ప్యాకెట్ అంచు తెలుపు గదా, అక్కడొక్కచోట నొక్కితే ఇది తెలుపని దానికి తెలుస్తుంది, అంతకుమించి ఏదీ ముట్టుకోవద్దు అని ఆ అమ్మాయి చెప్పింది. అతనే నొక్కాడు. బొమ్మ తేలింది. పాలిపోయిన ఆకు, ఎరుపెక్కని కాయ. మేం తెచ్చిన ప్రింటు పక్కన పెడితే తేడా లేదు.

"మీ దగ్గర ఇదే రకం కొత్త ప్యాకెట్ ఉందా?" అని మేడం అతన్నే అడిగింది. బ్యాగులోంచి తీసి ఇచ్చాడు, ఇవ్వక తప్పదు కదా. మేడం దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముందు మా పాత ప్రింటుకు ఆనించింది. ఫోటోలో ప్యాకెట్ ఎరుపు వేరు, చేతిలో ఎరుపు వేరు. కొత్త ప్రింటుకు ఆనించింది. రెండూ ఒకటే. మూడు నాలుగు ఫోటోలకు అట్లాగే చూసింది.

ఆ తర్వాత ప్రింట్లు వరసగా పేర్చి ఆకులనూ కాయలనూ పరిశీలించడానికి ఆమెకు గంట పట్టింది. ప్రతినిధిని మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. అతను నీళ్ల సంగతి ఎత్తాడు. "ఒకే సాలులో పక్కపక్కనే ఉన్న మొక్కలకు నీళ్లు వేరువేరుగా ఎట్లా పెడతారండీ?" అంది. చివరికి ఆమె కళ్లజోడు తీసి రైతు వైపు చూసింది.

"ఇది బెరుకు విత్తనమేనమ్మా. నువ్వు చెప్పింది నిజం. అట్లాగే రాస్తున్నాను."

కంపెనీ పరిహారం ఇచ్చింది, ఆమె మళ్లీ పొలం కౌలుకు తీసుకుంది. కానీ ఆ రోజు మెట్లు దిగుతుంటే ఆమె పరిహారం మాట ఎత్తలేదు. "'నువ్వు చెప్పింది నిజం' అన్నది చూడు, ఆ మాట మా ఊళ్లో ఇంటింటికీ పోయి చెప్తా" అంది. చెప్పిందట కూడా. మా డిజైనర్ అమ్మాయి బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది. నేను ఆ సాయంత్రమే స్టూడియోకు పోయి, కార్డు తగిలించగానే పెళ్లి రంగు పూసుకునే ఏర్పాటు తీసేయించాను. ఇప్పుడది అడిగినవాళ్లకే. సాఫ్ట్‌వేర్ పేరు అడిగే కుర్రాళ్లూ, ఇదీ నా జవాబు. ముస్తాబు కావాలంటే ముస్తాబు చేసేది వాడండి, సాక్ష్యం కావాలంటే నోరు మూసుకొని ఉన్నది చూపించేది వాడండి. ఏది ఎప్పుడో తెలుసుకోవడమే మన ఉద్యోగం.

మరుసటి ఏడు కోతలకు ముందు ఆమె ఫోన్ చేసింది. "అన్నా, తోట చూడ్డానికి రా. కెమెరా తీసుకొని రా. ఈసారి నువ్వు ఏం పుయ్యమాక" అంది. వెళ్లాను. మనిషి నడుం ఎత్తున తోట, ఏ చెట్టు చూసినా విరగకాసిన ఎరుపు. నా ప్రీసెట్ ఎన్నడూ ఎక్కించలేనంత ఎరుపు. ఆమెను మధ్యలో నిలబెట్టి తీశాను. ఊరికే వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌లోనే, ఏదీ ముట్టుకోకుండా ప్రింటు వేసి తీసుకెళ్లి ఇచ్చాను.

అంత ఎర్రటి తోట ఫోటోలో ఉంటే ఆమె దాని వంక చూడనే లేదు. ముందు తన మొహం చూసుకుంది, ఎండకు కాగిన నల్లటి మొహం. కొంగుతో ఫోటో మీద దుమ్ము తుడిచింది.

"ఆఁ, ఇదీ నేను" అంది.